జంతువు దాకా వెళ్ళేది బుల్లెట్ ఒక్కటే

1946లో జాన్ నాస్లర్ అనే అమెరికన్ మూస్ వేటకని కెనడాలోని బ్రిటిష్ కొలంబియా వెళ్ళాడు. జింకల కుటుంబంలో మూస్‌ను మించిన జంతువు లేదు. పోతు మూస్ ఐదు వందల కిలోలు తూగడం మామూలే. నాస్లర్ చేతిలో ఉన్నది .300 హెచ్ అండ్ హెచ్ మాగ్నమ్. ఆ రోజుల్లో గట్టి రైఫిల్‌గా దానికి పేరు. ఎదురుపడిన మూస్ ఒళ్ళంతా బురద పట్టి ఉంది. దగ్గర నుంచే కాల్చాడు. అది పడలేదు. మళ్ళీ కాల్చాడు, ఆ తర్వాత కూడా కాల్చాల్సి వచ్చింది. గురి తప్పలేదు, రైఫిల్‌కు బలం చాలకపోలేదు. బుల్లెట్లు ఆ బురదకూ తోలుకూ భుజం ఎముకకూ తగలగానే చిట్లిపోయి, ఊపిరితిత్తుల దాకా దిగలేదు.

ఇంకొకరైతే ఇంటికొచ్చి ఇంతకంటే పెద్ద రైఫిల్ కొనేవారు. నాస్లర్ ఆ రైఫిల్‌నే ఉంచుకుని బుల్లెట్‌ను మార్చాడు. రాగి మిశ్రమపు తొడుగుకు నడుమ అడ్డుగోడ వదిలి, ముందొక గది, వెనకొక గది చేసి రెండింటిలోనూ సీసం నింపాడు. ముందు గది తగలగానే విచ్చుకుంటుంది. ఆ విచ్చుకోవడం అడ్డుగోడ దగ్గర ఆగిపోతుంది. వెనక గది అలాగే నిలిచి లోలోపలికి తోసుకుపోతుంది. దానికి పార్టిషన్ అని పేరు పెట్టాడు. 1948లో కంపెనీ పెట్టాడు. ఆ బుల్లెట్ ఇప్పటికీ దుకాణాల్లో దొరుకుతోంది.

రైఫిల్ గురించీ స్కోపు గురించీ వెనకటి అధ్యాయాల్లో చాలానే మాట్లాడుకున్నాం. కొత్తగా వేటకు దిగిన మనవాళ్ళు ఆ రెండింటి మీద వేల డాలర్లు పోస్తారు. బుల్లెట్ దగ్గరికొచ్చేసరికి అల్మరాలో ఏది చవకగా ఉంటే ఆ పెట్టె అందుకుంటారు. ఇత్తడి కేసు, ప్రైమరు, మందు, మూతిలో బిగించిన బుల్లెట్ కలిస్తే తూటా. పేలాక కేసు మీ కాళ్ళ దగ్గర పడుతుంది, మందు కాలిపోతుంది, రైఫిల్ మీ చేతిలోనే ఉంటుంది. జంతువును తాకేది పది గ్రాముల ఆ లోహపు ముక్క ఒక్కటే. 150 గ్రెయిన్ల బుల్లెట్ బరువు పది గ్రాములు కూడా ఉండదు.

ఇంకో మాట. మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద ఇప్పుడు సరదా వేటకు చోటు లేదు. ఇక్కడ చెప్పేదంతా వేటకు లైసెన్సు, సీజను, లెక్క ఉన్న అమెరికా, కెనడా లాంటి చోట్ల ఉంటున్నవారి కోసం.

ప్రాణం ఎలా పోతుంది

పెద్ద బుల్లెట్ తగిలితే జంతువు ఎగిరి పడిపోతుందన్నది సినిమా చూపించిన అబద్ధం. కాల్చినవాడి భుజానికి తగిలే తోపు ఎంతో జంతువుకు తగిలే తోపూ దాదాపు అంతే. అది మిమ్మల్ని పడేయలేనప్పుడు మూడు వందల కిలోల ఎల్క్ అనే పెద్ద జింకను ఎలా పడేస్తుంది? నిజంగా ప్రాణం తీసేది రక్తం పోవడం. ఊపిరితిత్తులు గానీ గుండె గానీ చిరిగితే మెదడుకు రక్తం అందదు. కొన్ని సెకన్లలో స్పృహ పోతుంది. ఆ కొన్ని సెకన్లు జంతువు పరిగెత్తగలదు. గుండెకు సరిగ్గా తగిలిన జింక వంద గజాలు ఉరికి కూలడం వేటగాళ్ళందరూ చూసేదే. అక్కడికక్కడే పడాలంటే మెదడుకో వెన్నెముకకో తగలాలి. అవి చిన్నవి, కదులుతుంటాయి. ఒక అంగుళం తప్పితే దవడ విరిగిన జంతువు అడవిలో పడి రోజుల తరబడి చస్తుంది. కొత్తవాళ్ళు తల జోలికి పోవద్దు.

బుల్లెట్ మీద మనం మోపే పనులు రెండు. దారి వెడల్పు చేయాలి, అంటే లోపలికి వెళ్ళాక విచ్చుకోవాలి. ఆ దారి చివరి దాకా వెళ్ళాలి, అంటే ముక్కలైపోకూడదు. ఈ రెండింటికీ పొత్తు కుదరదు. ఎంత ఎక్కువ విచ్చుకుంటే అంత త్వరగా ఆగిపోతుంది. అసలు విచ్చుకోకపోతే ఇటు నుంచి అటు సన్నటి బెజ్జం చేసి పోతుంది. బుల్లెట్ తయారుచేసేవాళ్ళ తగువంతా నూరేళ్ళకు పైగా ఈ రెండింటి మధ్యే నడుస్తోంది.

విచ్చుకునే బుల్లెట్ కథలో మన దేశానికీ చోటుంది. 1890లలో కలకత్తా దగ్గరి డమ్ డమ్ ఆయుధ కర్మాగారంలో బ్రిటిష్ అధికారి బెర్టీ-క్లే .303 బుల్లెట్ ముక్కు దగ్గర లోహపు తొడుగు తగ్గించి సీసం బయటికి కనిపించేలా చేశాడు. అది ఒంట్లో విచ్చుకుని చేసే గాయాలు చూసి, 1899 హేగ్ సమావేశం యుద్ధంలో అలాంటి బుల్లెట్లు వాడకూడదని ప్రకటించింది. వేటలో లెక్క తలకిందులు. అమెరికాలో చాలా రాష్ట్రాలు పెద్ద జంతువుల వేటకు విచ్చుకునే బుల్లెట్లే వాడాలంటాయి, సైన్యం వాడే పూర్తి తొడుగు బుల్లెట్లు వద్దంటాయి. సైనికుడు గాయపడితే చాలు, యుద్ధం నుంచి తప్పుకుంటాడు. జింక గాయపడి తప్పించుకుపోతే అది వేటగాడి పాపం. చవకగా దొరుకుతున్నాయని రేంజిలో వాడే పూర్తి తొడుగు తూటాలను వేట సంచిలో వేసుకునేవాళ్ళు ఈ తేడా గుర్తుపెట్టుకోవాలి.

బెల్ సంగతి

చిన్న కాలిబర్ చాలునని వాదించే ప్రతివాడూ చివరికి స్కాట్లండ్ వేటగాడు డబ్ల్యు.డి.ఎం. బెల్ దగ్గరికి వస్తాడు. కారామోజో బెల్ అని పేరు పడ్డ ఈయన ఇరవయ్యో శతాబ్దం మొదటి దశకాల్లో ఆఫ్రికాలో దంతాల కోసం వెయ్యికి పైగా ఏనుగులను చంపాడు. ఇవాళ తలుచుకుంటే ఒళ్ళు జలదరించే లెక్క అది. అందులో చాలా వాటిని .275 రిగ్బీతో, అంటే 7×57 మౌజర్‌తో కొట్టాడు. ఇప్పుడు మనం జింకకు వాడే స్థాయి తూటా అది. చంపావత్ పులిని చంపినందుకు 1907లో జిమ్ కార్బెట్‌కు బహుమతిగా ఇచ్చిన రైఫిల్ కూడా .275 రిగ్బీయే.

బెల్ వాడింది 173 గ్రెయిన్ల పొడవాటి, గుండ్రటి ముక్కున్న, పూర్తి తొడుగు బుల్లెట్. అది విచ్చుకోదు, వంగదు. వేగం తక్కువ కాబట్టి ఎముక తగిలినా తిన్నగా పోతుంది. సన్నగా, పొడవుగా, బరువుగా ఉన్న బుల్లెట్ లోతుకు దిగడంలో లావుపాటి పొట్టి బుల్లెట్‌కు తీసిపోదు. స్వీడన్‌లో మూస్ వేటకు 6.5×55 తూటాను వందేళ్ళకు పైగా వాడుతున్నది ఇదే లెక్కన, బరువైన పొడుగు బుల్లెట్లతో. అయితే బెల్ కథలో అందరూ వదిలేసే ముక్క ఒకటుంది. ఆయన ఏనుగు పుర్రెను రంపంతో నిలువునా కోయించి, మెదడు ఎక్కడుందో, ఏ కోణం నుంచి చూస్తే ఎటు దారి ఉంటుందో చదువుకున్నాడు. దగ్గరికి వెళ్ళి, కోణం కుదిరితేనే కాల్చేవాడు. ఆ చదువు లేకుండా చిన్న తూటా ఒక్కటే అరువు తెచ్చుకుంటే చచ్చేది ఏనుగు కాదు. చాలా ఆఫ్రికా దేశాల్లో ప్రమాదకరమైన జంతువులకు కనీసం .375 కాలిబర్ ఉండాలని నియమం ఉంది. నన్నడిగితే అది మంచి నియమం.

దూరం మారితే బుల్లెట్ మారుతుంది

ఈ భాగం నిదానంగా చదవండి. కొత్తవాళ్ళు డబ్బూ జంతువునూ పోగొట్టుకునేది ఇక్కడే.

30-06 తూటాలో 180 గ్రెయిన్ల మామూలు సాఫ్ట్ పాయింట్ బుల్లెట్ తీసుకుందాం. గొట్టం నుంచి సెకనుకు 2,700 అడుగుల వేగంతో బయల్దేరుతుంది. 100 గజాల దగ్గర సుమారు 2,470. 300 గజాలకు 2,040. 500 గజాలకు 1,660. మామూలు వేట బుల్లెట్లు నమ్మకంగా విచ్చుకోవాలంటే 1,800 అడుగుల వేగం ఉండాలన్నది స్థూలమైన గీత. ఈ గీత బుల్లెట్‌ను బట్టి అటూ ఇటూ జరుగుతుంది. తయారీదారు తన పేజీలో రాస్తాడు, చూడండి. 500 గజాల దగ్గర ఈ బుల్లెట్‌కు ఇంకా 1,100 అడుగు-పౌండ్ల శక్తి ఉంది. జింకకు వెయ్యి చాలునని నలుగురూ అంటారు కాబట్టి కాగితం మీద లెక్క సరిపోయింది. కానీ బుల్లెట్ విచ్చుకోకుండా పెన్సిలంత బెజ్జం చేసి దాటిపోవచ్చు. శక్తి పట్టిక చూసి బుల్లెట్ కొనేవాడు ఈ గోతిలోనే పడతాడు.

రెండో వైపూ చూడండి. .300 విన్‌చెస్టర్ మాగ్నమ్ కొన్నారనుకుందాం. 180 గ్రెయిన్ల బుల్లెట్ 2,950 దాటి బయల్దేరుతుంది. నాలుగు వందల గజాల అవతల కొండవాలులో ఎల్క్ కోసమని మెత్తగా తెరుచుకునే పొడుగు ముక్కు బుల్లెట్ నింపుకుని వెళ్ళారు. తీరా ఎల్క్ నలభై గజాల్లో చెట్ల మధ్య నుంచి వచ్చి నిలబడింది. ఆ వేగంలో ఆ మెత్తటి బుల్లెట్ భుజం ఎముక మీదే చిట్లిపోతుంది. పైన పెద్ద గాయం, లోపల ఊపిరితిత్తి భద్రం. నాస్లర్ మూస్‌కు జరిగింది అచ్చం ఇదే. మాగ్నమ్ కొన్నవాడికి మామూలు రైఫిల్ వాడికంటే గట్టి బుల్లెట్ కావాలి. బలమైన రైఫిల్ ఉంది కదా, ఏ బుల్లెట్ అయినా సరిపోతుందిలే అనుకోవడం పూర్తిగా తిరగబడ్డ లెక్క.

ఇంత గొడవ లేకుండా 30-06, .308, .270 లాంటి మధ్యరకం తూటాలు తరతరాలుగా ఎందుకు నిలిచాయంటే వాటి వేగం మామూలు బుల్లెట్లకు సరిపడే వేగం. 250 గజాల లోపు వాటితో తప్పు చేయడం కష్టం.

అల్మరాలో ఉన్న రకాలు

సీసం ముద్ద మీద రాగి తొడుగు వేసిన మామూలు బుల్లెట్ అన్నిటికంటే పాతది, చవకైనది. రెమింగ్టన్ కోర్-లోక్ట్, హార్నడీ ఇంటర్‌లాక్ ఈ జాతివి. జింకలో అవి పుట్టగొడుగులా విచ్చుకుని, కొంత సీసం రాల్చుకుని, చాలాసార్లు రెండో వైపు నుంచి బయటికి పోతాయి. తెల్లతోక జింకకు ఇంతకంటే ఖరీదైనది కొనమని నేను ఎవరికీ చెప్పను. టెక్సస్‌లో పొలాలు తవ్విపోసే అడవి పందులకూ ఇవి చాలు. అయితే ముదురు మగపంది భుజం మీద మందపాటి గట్టి చర్మం కవచంలా ఉంటుంది. అక్కడ కాస్త బరువైన బుల్లెట్ ఎంచుకోండి.

బాండెడ్ రకాల్లో సీసాన్ని తొడుగుకు అతికిస్తారు. విచ్చుకున్నా రెండూ విడిపోవు, బరువులో చాలా భాగం నిలుస్తుంది. నాస్లర్ ఆక్యుబాండ్, స్విఫ్ట్ ఎ-ఫ్రేమ్ ఈ కోవలోవి. ఎ-ఫ్రేమ్‌లో అడ్డుగోడ కూడా ఉంటుంది. ఎల్క్, మూస్, ఎలుగుబంటికి, ఏ కోణంలో ఎదురవుతాయో తెలియని వేటకు నా ఓటు పార్టిషన్‌కో ఈ జాతికో.

పూర్తి రాగి బుల్లెట్లది వేరే దారి. బార్న్స్ కంపెనీ యజమాని రాండీ బ్రూక్స్‌కు 1985లో అలాస్కాలో ఎలుగుబంటి వేటలో ఉండగా, సీసం తీసేస్తే ఎలా ఉంటుందన్న ఆలోచన వచ్చింది. 1989లో ఎక్స్ బుల్లెట్ బయటికొచ్చింది. ముక్కు దగ్గర బెజ్జం ఉంటుంది. తగలగానే నాలుగు రేకులుగా విడుతుంది. రేకులు ఊడకపోతే బరువు దాదాపు మొత్తం మిగులుతుంది, అందుకే లోతుకు దిగుతుంది. ఇబ్బందులు రెండు. ఇవి విచ్చుకోవడానికి వేగం బాగా కావాలి, దూరం పెరిగితే నమ్మకం తగ్గుతుంది. పైగా సీసంకంటే రాగి తేలిక కాబట్టి అదే బరువుకు బుల్లెట్ పొడవవుతుంది. గొట్టంలోని మెలికలు దాన్ని సరిగా తిప్పలేకపోతే గురి చెదురుతుంది. అందుకే ఒక మెట్టు తేలికది తీసుకోవాలి. .308లో సీసంది 165 వాడేవారు రాగిది 150 తీసుకుంటే వేగమూ దక్కుతుంది, బుల్లెట్ కూడా స్థిరంగా తిరుగుతుంది.

అసలు విచ్చుకోని సాలిడ్లు ఏనుగుకూ ఆఫ్రికా గేదెకూ తప్ప మనకు అక్కర్లేదు. దూరపు గురి కోసం చేసిన పలుచటి తొడుగు టార్గెట్ బుల్లెట్లు కాగితం మీద ఎంత ముద్దుగా గుంపు కట్టినా వాటిని పెద్ద జంతువు మీద వాడవద్దు. జెలటిన్ దిమ్మల్లో కాల్చి చూపించే వీడియోలు ఒక బుల్లెట్‌ను ఇంకో బుల్లెట్‌తో పోల్చడానికి పనికొస్తాయి. కానీ జెలటిన్‌కు ఎముక లేదు, బురద పట్టిన తోలు లేదు.

కూరలోకి వచ్చే సీసం

మనవాళ్ళలో చాలామంది వేటకు వచ్చేదే మాంసం కోసం కాబట్టి ఈ సంగతి దాటవేయలేను. సీసం బుల్లెట్ విచ్చుకునేటప్పుడు కంటికి కనిపించనంత చిన్న ముక్కలు రాలుతాయి. ఎక్స్‌రే తీస్తే గాయం దారికి దూరంగా కూడా అవి కనిపిస్తాయి. ఖీమా కొట్టించినప్పుడు ఈ నలుసులు మొత్తం మాంసంలో కలిసిపోతాయి. పిల్లల ఒంట్లో సీసం ఇంత ఉంటే ఫరవాలేదని చెప్పగల కనీస మోతాదంటూ లేదు. గర్భిణులకూ అంతే. ఇంట్లో వాళ్ళుంటే రాగి బుల్లెట్ వాడండి. ఆ విషయంలో గురి, ధర, అలవాటు అన్న వాదనలు నాకు సమ్మతం కావు. సీసమే వాడితే గాయం చుట్టూ నల్లబడ్డ మాంసాన్ని, దాని పక్కనున్న మంచి మాంసాన్ని కూడా ధారాళంగా కోసి పారేయండి. అది ఖీమాలోకి వెళ్ళకుండా చూడండి. భుజం మీద కాల్చకుండా ముందుకాలి వెనక, పక్కటెముకల మీద కాలిస్తే పాడయ్యే మాంసమూ తక్కువే.

పారేసిన పేగులు తిన్న పక్షుల మాటేమిటి? 1982లో ప్రపంచం మొత్తం మీద ఇరవై రెండే మిగిలిన కాలిఫోర్నియా కాండర్ రాబందులను కాపాడుకొచ్చాక, వాటిని అడవిలో ఎక్కువగా చంపుతున్నది ఈ సీసమేనని తేలింది. 2019 జులై 1 నుంచి కాలిఫోర్నియాలో ఏ వేటకూ సీసం బుల్లెట్ వాడకూడదు. ఆ రాష్ట్రంలో ఉన్నవారికి ఎంపిక అక్కడే అయిపోయింది.

కాల్చే ముందు, కాల్చాక

జంతువు అడ్డంగా నిలబడితే ముందుకాలి వెనక, ఒంటి ఎత్తులో మూడో వంతు నుంచి సగం మధ్య గురి పెట్టండి. కొంచెం అవతలికి తిరిగి ఉంటే అవతలి ముందుకాలు ఎక్కడుందో ఊహించి, బుల్లెట్ అటువైపు బయటపడేలా గురి వెనక్కి జరపండి. పూర్తిగా వెనక్కి తిరిగి ఉంటే రైఫిల్ దించండి. ఏ బుల్లెట్ కూడా అంత పొట్టను దాటి గుండెను చేరుతుందని నమ్మకం పెట్టుకోవద్దు.

కాల్చాక తొందరపడవద్దు. జంతువు నిలబడ్డ చోటు గుర్తుపెట్టుకుని అరగంట ఆగి వెళ్ళండి. నురగతో లేత ఎరుపు రక్తం కనిపిస్తే ఊపిరితిత్తి తగిలింది, దగ్గర్లోనే ఉంటుంది. ముదురు ఎరుపైతే కాలేయం కావచ్చు, ఇంకా ఆగాలి. పచ్చటి మరక, వాసన ఉంటే పేగులు తగిలాయి. గంటల కొద్దీ ఆగాలి, వెంటపడితే ఊరు దాటిపోతుంది. రెండో వైపు బెజ్జం పడ్డ జంతువు నేల మీద జాడ బాగా వదులుతుంది. బుల్లెట్ లోపలే ఆగి శక్తినంతా అక్కడే దించాలని వాదించేవాళ్ళతో నాకు కుదరనిది ఇందుకే.

తుపాకి పట్టే ముందు చట్టం సంగతి. హెచ్-1బి వంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవారు తుపాకి గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోవడం అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్సు ఉంటే మినహాయింపు ఉంది. లైసెన్సు గడువు దాటిన మర్నాడే ఆ మినహాయింపు పోతుంది. స్నేహితుడి రైఫిల్ పట్టుకోవడానికైనా ముందు లాయర్‌ను అడగండి. టెక్సస్‌లో 1971 సెప్టెంబర్ 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవారికి హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు తప్పనిసరి. మిగతా రాష్ట్రాల్లో నియమాలు కొద్దిగా మారతాయి.

ఇక బుల్లెట్ ఎంచుకున్నాక దాన్ని మీ రైఫిల్‌లోనే పరీక్షించండి. ఒకే కాలిబర్, ఒకే బరువు అయినా కంపెనీ మారితే బుల్లెట్ పడే చోటు మారుతుంది. రెండు మూడు రకాలు ఒక్కో పెట్టె కొని 100 గజాల దగ్గర కాల్చి, దగ్గరగా గుంపు కట్టినదాన్ని ఎంచుకుని, ఆ రకాన్ని సీజనుకు సరిపడా ఒకేసారి కొనిపెట్టుకోండి. స్కోపును దానికే సరిచేయించండి. తర్వాత ఎనిమిది అంగుళాల పేపర్ ప్లేటు ఒకటి కట్టండి. జింక గుండె, ఊపిరితిత్తులు ఉండే చోటు దాదాపు అంతే. బల్ల మీద ఆనించకుండా, వేటలో కూర్చునే తీరులో కూర్చుని కాల్చండి. ప్రతి బుల్లెట్టూ ప్లేటులో పడే దూరం ఎంతో అదే మీ గరిష్ఠ దూరం. ఎక్కువమందికి అది వాళ్ళు చెప్పుకునేదానికంటే చాలా తక్కువ వస్తుంది. సీజను మొదలవడానికి నెల ముందే ఈ పని పూర్తి చేయండి. ఆ దూరం అవతల జంతువు ఎంత అందంగా నిలబడినా, బుల్లెట్ ఎంత ఖరీదైనదైనా, కాల్చకండి.